బండలెక్కేదానికి అమెరికా పోవాల్నా?

మా నాయనకి జమ్మలమడుగు దగ్గర నాపబండలు పాలిష్ పట్టే మిషన్ ఉంది. ఆయన ఎవరితో మాట్లాడినా ఆ మిషన్ రొదను దాటేంత గట్టిగా మాట్లాడతాడు, ఫోన్లో కూడా. అలాంటి మనిషి, వచ్చే సెమిస్టర్ నాకు క్లాసులుండవనీ, దాదాపు మూడు నెలలు కొండల్లో టెంట్ వేసుకుని ఉంటాననీ, దానికి కూడా మార్కులు వేస్తారనీ చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"బండలెక్కేదానికి అమెరికా పోవాల్నా? మన గండికోట ఏం పాపం చేసింది?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. "క్రెడిట్లు వస్తాయి నాయనా" అన్నాను. ఆ మాట ఆయనకి నచ్చిందో లేదో తెలియదు గానీ, మా అమ్మతో "ఏవో క్రెడిట్లంట" అని చెప్పడం మాత్రం ఫోన్లో వినిపించింది.

నేను ఒహాయోలో ఒక చిన్న కాలేజీలో పర్యావరణం చదువుతున్నాను. అక్కడ చాలా కాలేజీల్లో ఒక సెమిస్టర్ బయట చేసి రావచ్చు. కొందరు స్పెయిన్ పోతారు, కొందరు జపాన్ పోతారు. నేను వయోమింగ్ రాష్ట్రంలో అడవుల్లో, కొండల్లో బతకడం, బృందాన్ని నడపడం నేర్పే స్కూల్‌కి పోయాను. ఈ రకం చదువుకి అమెరికాలో దారి వేసినవాళ్ళలో పాల్ పెట్జోల్ట్ ముఖ్యుడు. 16 ఏళ్ళ వయసులో, 1924లో, కౌబాయ్ బూట్లతో గ్రాండ్ టీటన్ శిఖరం ఎక్కాడు. 1938లో ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కే2 మీదికి వెళ్ళిన అమెరికన్ జట్టులో ఉన్నాడు. 1965లో వయోమింగ్‌లోని ల్యాండర్ అనే చిన్న ఊళ్ళో నేషనల్ అవుట్‌డోర్ లీడర్‌షిప్ స్కూల్ పెట్టాడు. కొండ మీద ప్రమాదాలకి కొండ ఒక్కటే కారణం కాదు, మనుషులు ఒకరితో ఒకరు ఎట్లా మసలుకుంటారన్నది కూడా కారణమే అని ఆయన పట్టుబట్టి చెప్పేవాడు. దానికి ఆయన వాడిన మాట 'ఎక్స్‌పెడిషన్ బిహేవియర్'. దీని గురించి కింద చెబుతాను, నా పరువు పోయింది అక్కడే.

కాగితాల పని సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదివేవాళ్ళు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. కాబట్టి ఆ స్కూల్లో వచ్చే క్రెడిట్లు మా కాలేజీ ఒప్పుకుంటుందని ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంటర్నేషనల్ ఆఫీసు చుట్టూ, అడ్వైజర్ చుట్టూ నాలుగు సార్లు తిరిగాను. డాక్టర్ సంతకం పెట్టిన మెడికల్ ఫారం కావాలి. డబ్బు సంగతి మాత్రం దాచను: ఫీజు డాలర్లలో ఐదంకెలు. నా స్కాలర్‌షిప్ ఆ సెమిస్టర్‌కి కూడా వర్తించడం, స్కూలు కొంత సాయం చేయడం వల్ల అయింది గానీ, లేకపోతే నాయన మిషన్ అమ్మినా చాలేది కాదు.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు బూట్లు కొనుక్కుని వచ్చాను. కొత్త బూట్లతో కొండకి రావద్దు, ముందే తొడిగి తొడిగి మెత్తబరచుకోండి అని రాశారు. పాతిక కేజీల దాకా మోయాలి అని కూడా రాశారు. మా ఇంట్లో బరువుకి కొదవేముంది? మిషన్ దగ్గర విరిగిన నాపరాయి ముక్కలు గోనెసంచిలో చుట్టి, బ్యాగులో పెట్టుకుని, తెల్లవారి ఐదింటికే తమ్ముడి బండి మీద గండికోట పోయి, పెన్నా లోయ అంచున నడిచేదాన్ని. మే నెల కదా, ఏడు దాటితే బండ కాలుతుంది. మొదటి రోజు పది కేజీలు, వారం తర్వాత పదిహేను. మేకలు తోలుకుపోయే ఒకాయన రెండు రోజులు చూసి, మూడో రోజు అడిగాడు: "ఏంది పాపా, బ్యాగులో?" బండలు అని చెప్పాను. ఆయన నా మొహం వంక, బ్యాగు వంక చూసి, మా తమ్ముడితో మెల్లగా "డాక్టరుకు చూపించినారా?" అన్నాడు.

మా జేజి అయితే ఒక్క మాటే అడిగింది. "ఆడ ఎలుగ్గొడ్లు ఉంటాయా?" ఉంటాయన్నాను. "మన లంకమల్లోనూ ఉండాయి. పోయి కూచుంటామా వాటి కాడ?"

ఆగస్టు చివర ల్యాండర్ చేరాను. పన్నెండు మందిమి, ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు. మొదటి రెండు రోజులూ సామాను సర్దడమే. తెచ్చుకున్న ప్రతి వస్తువూ నేల మీద పరిచి చూపించాలి. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి 'ఇది వద్దు, ఇదీ వద్దు' అని పక్కన పెడుతుంది. నా కాటన్ చుడీదార్లన్నీ అట్లే పోయాయి. కాటన్ తడిస్తే ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది, కొండ మీద అది చావు బట్ట అన్నారు. నలభై మూడు డిగ్రీల ఎండలో కాటన్ తప్ప ఒంటి మీద ఇంకో బట్ట ఓర్చుకోలేని ఊరి నుంచి వచ్చినదాన్ని నేను.

మా అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల పొడి, ఉల్లికారం పొట్లాలు మాత్రం వదలలేదు. అయితే వాటిని టెంట్‌లో పెట్టుకోకూడదు. వాసన వచ్చేది ఏదైనా సరే, టూత్‌పేస్టుతో సహా, ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాల్లో పెట్టి, పడుకునే చోటికి దూరంగా ఉంచాలి. ఎలుగు మీదికి వస్తే కొట్టడానికి ఒక స్ప్రే డబ్బా కూడా ఇచ్చారు. అందులో ఉండేది క్యాప్సైసిన్, అంటే మన మిరపకాయలో మంట పుట్టించే పదార్థమే. ఫోన్లో ఇది చెబితే నాయన పడీ పడీ నవ్వాడు. "మిరప్పొడి డాలర్లు పెట్టి కొన్యారా!"

ల్యాండర్ పక్కనే సింక్స్ కాన్యన్ అని ఉంది. పొపోజా అనే నది అక్కడ సున్నపురాయి గుహలోకి దూరి మాయమైపోతుంది. దాదాపు నాలుగు వందల మీటర్ల అవతల మళ్ళీ ప్రశాంతంగా మడుగులా పైకి వస్తుంది. రంగు కలిపి చూస్తే ఆ కాస్త దూరానికి రెండు గంటల పైన పట్టిందట. అందరూ నోరు తెరిచి చూస్తున్నారు. నాకు మాత్రం స్కూలు టూర్‌లో చూసిన బెలుం గుహల్లో పాతాళగంగ గుర్తొచ్చింది. సున్నపురాయిని నీళ్ళు కరిగించుకుంటూ దారి చేసుకోవడం మాకు కొత్త సంగతి కాదు. మేమేమో ఆ రాయిని కోసి ఇళ్ళలో పరుచుకుని తిరుగుతున్నాం.

మర్నాడు విండ్ రివర్ కొండల్లోకి నడక మొదలైంది. అక్కడ మాత్రం రాయి వేరు, గ్రానైటు. 250 కోట్ల ఏళ్ళకి పైబడినది. నాయన అడిగిన ఏకైక చదువు ప్రశ్న ఇదే: "మన నాపరాయి కంటే పాతదా?" చాలా పాతది నాయనా అంటే, కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

మ్యాపు చదవడం నాకు తొందరగా వచ్చింది, కారణం మా మిషనే. అక్కడ వాడే మ్యాపుల మీద ఎత్తు చూపించే గీతలుంటాయి. గీతకీ గీతకీ మధ్య 40 అడుగుల ఎత్తు. గీతలు ఒత్తుగా ఉంటే నిటారు కొండ, ఎడంగా ఉంటే చదును. మిగతావాళ్ళు ఈ గీతల్ని కొండగా ఊహించలేక తల పట్టుకుంటే, నాకు మిషన్ దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చిన బండల అంచులు కనిపించాయి. చిన్నవి పైన, పెద్దవి కింద పేర్చి పై నుంచి చూస్తే అచ్చం ఆ మ్యాపే. కంపాస్ దగ్గర మాత్రం తికమకపడ్డాను. అక్కడ కంపాస్ ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ సుమారు పది డిగ్రీల తేడా. మన దగ్గర ఆ తేడా దాదాపు లేనట్టే.

వంట గురించి రాయకుండా ఉండలేను. సంచుల్లో బియ్యం, పాస్తా, పిండి, చీజ్, పప్పు దినుసులు తూచి ఇస్తారు, నలుగురికి ఒక స్టవ్, ఏం వండుకుంటారో మీ ఇష్టం. రెండో రాత్రి నా వంతు వచ్చింది. నేను పెద్ద మాటలు చెప్పి, తెచ్చుకున్న కందిపప్పు తీశాను. ముద్దపప్పు, నెయ్యి బదులు వెన్న, పైన ఉల్లికారం. మేమున్నది పది వేల అడుగుల ఎత్తున. అక్కడ నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. కుక్కర్ లేదు. గంట అయింది, గంటన్నర అయింది. పప్పు గింజ పట్టుకుంటే గోటికి లొంగదు. స్టవ్ సీసాలో ఇంధనం తగ్గిపోతోంది. ఒహాయోలో ఫిజిక్సు క్లాసులో ఇదే లెక్క చేసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను, గుర్తు పెట్టుకోండి. ఆఖరికి పలుకులు పలుకులుగానే తిన్నాం. వెర్మాంట్ అబ్బాయి ఒకడు "ఇది ఇట్లానే కరకరలాడాలా?" అని మర్యాదగా అడిగాడు. అవునన్నాను.

బయటికి పోవడం మీద కూడా ఒక క్లాసు. నీళ్ళకి రెండు వందల అడుగుల దూరంలో, అంటే దాదాపు డెబ్బై పెద్ద అంగల అవతల, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చాలి. మా ఊళ్ళో చెంబు పట్టుకుని పోవద్దు, మరుగుదొడ్డి కట్టుకోండి అని ఇన్నేళ్ళు మైకుల్లో చెప్పారు. నేనేమో క్రెడిట్ల కోసం గుంట తవ్వడం నేర్చుకుంటున్నాను. నెలసరి వస్తే ఏం చేయాలో కూడా ఇన్‌స్ట్రక్టర్ అబ్బాయిల ముందే చెప్పింది. వాడినవి పూడ్చకూడదు, సంచిలో మూట కట్టి మోసుకుని బయటికి తేవాలి. నేను తలొంచుకుని విన్నాను. మూడో రోజుకి సిగ్గు పోయింది. చలికి సిగ్గు ఎక్కువసేపు నిలవదు.

ఇక ఎక్స్‌పెడిషన్ బిహేవియర్ దగ్గర నా పరువు పోయిన సంగతి. అది ఒక బొబ్బతో మొదలైంది.

నాలుగో రోజు, ఉదయం పదకొండు ప్రాంతంలో ఎడమ మడమ దగ్గర వెచ్చగా అనిపించింది. ఇట్లా వెచ్చగా అనిపించగానే ఆగి చెప్పండి, టేపు వేసుకుందాం అని మొదటి రోజే చెప్పారు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పన్నెండు మంది నా కోసం ఆగాలి కదా. పైగా మా ఇంట్లో ఓర్చుకోవడం గొప్ప. మా అమ్మకి చెయ్యి కాలితే మూడో రోజు మేము చూసి అడిగితే గానీ చెప్పదు. నాయనకి బండ మీద పడి వేలు నలిగితే గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా మిషన్ నడిపాడు. అట్లా ఓర్చుకున్న కథలు మా చుట్టాలు పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. కాబట్టి నేను నడిచాను. వెచ్చన మంటైంది, మంట పోటైంది. సాయంత్రం బూటు విప్పితే మేజోడుకి చర్మం అంటుకుని వచ్చింది. రూపాయి బిళ్ళ కంటే పెద్ద పుండు.

మర్నాడు బూటులో కాలు పెట్టలేకపోయాను. జట్టంతా రాత్రి దిగిన చెరువు పక్కనే ఒక రోజు ఉండిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు నా బ్యాగులో సగం మిగతావాళ్ళు పంచుకుని మోశారు. ఇన్‌స్ట్రక్టర్ మందమైన అంటుడు గుడ్డని గుండ్రంగా కత్తిరించి, మధ్యలో చిల్లు చేసి, పుండు ఆ చిల్లులో ఉండేట్టు అతికించింది, రాపిడి చుట్టూ పడుతుంది గానీ పుండు మీద పడదు. అతికిస్తూ అడిగింది, "ఎప్పట్నుంచి?" పదకొండు నుంచి అన్నాను. "రెండు నిమిషాల పని" అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

అప్పటికీ పూర్తిగా బుద్ధి రాలేదు. రెండో వారంలో, రోజుకొకరు చొప్పున లీడర్‌గా ఉండే పద్ధతి మొదలైంది. నా రోజున అయిదుగురిని తీసుకుని, ఇన్‌స్ట్రక్టర్లు లేకుండా ఒక కనుమ దాటి అవతలి చెరువు చేరాలి. ముందురోజు రాత్రే లెక్క వేశాను. ఎన్ని మైళ్ళు, ప్రతి వెయ్యి అడుగుల ఎక్కుడుకీ ఒక మైలు అదనం, మధ్యాహ్నం పిడుగులు మొదలయ్యేలోపు కనుమ దిగాలి. అంతా కాగితం మీద బాగుంది. పొద్దున తొమ్మిదిన్నరకి రెండు వాగులు కలిసే చోటుకి వచ్చాం. మ్యాపులో రెండూ ఒకేలా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది. కుడి వైపు అన్నాను, గొంతు వణక్కుండా. అరగంటకి వాగు మలుపు మ్యాపుతో కలవలేదు. అయినా పోయాను. ఇంకో గంటకి ఎదురుగా బండరాళ్ళ గోడ. వెనక్కి రావడానికి ఇంకో గంటన్నర. ఉరుములు మొదలయ్యాయి. కనుమ ఆలోచన మానుకుని, చెట్లు ఒకే ఎత్తున ఒత్తుగా ఉన్న పల్లంలో చాపలు కింద వేసుకుని, ఒకరికొకరం దూరంగా ముడుచుకుని కూచున్నాం. అందరం ఒకచోట ఉంటే ఒక్క పిడుగుకి అందరమూ పోతామని దూరంగా కూర్చోబెడతారు. వానలో ఒంటరిగా కూచుని నేను ఏడ్చాను. ఎవరికీ కనిపించలేదు, అదొక్కటే సుఖం.

రాత్రి అందరూ కూచుని ఆ రోజు లీడర్ ఎట్లా చేశాడో మొహం మీదే చెప్పాలి. ఇది రోజూ ఉంటుంది. దారి తప్పినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. టెక్సాస్ నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం ఒక మాట అంది. "నువ్వు మ్యాపు తీసి చూసిన ప్రతిసారీ మా వైపు తిరిగి నవ్వావు. అందుకే అంతా బాగానే ఉందనుకున్నాం. నాకు అది తప్పు వాగని అనిపించింది, కానీ నువ్వు నవ్వుతుంటే ఎట్లా అడగను?"

నేను నవ్వానన్న సంగతే నాకు తెలియదు. భయం వేస్తే నవ్వుతానని ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో అందరమూ అంతే కాబట్టి ఎవరికీ తెలిసి ఉండదు.

ఆ తర్వాత నా వంతు వచ్చినప్పుడు పొద్దున్నే చెప్పేసేదాన్ని: "నేను నవ్వుతుంటే నమ్మొద్దు, అడగండి." వాళ్ళు అడిగేవాళ్ళు కూడా. "ఇది నిజం నవ్వా?" అని రోజుకి పదిసార్లు. తర్వాత దారి తప్పలేదని కాదు. తప్పినా పది నిమిషాల్లో తెలిసిపోయేది.

తర్వాతి వారాలు వేగంగా గడిచాయి. యూటా ఎర్రరాతి లోయల్లో మూడు వారాలు. అవి నాకు సొంత ఊరిలా ఉన్నాయి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో ముందు చూసుకోవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తాళ్ళతో బండలెక్కడం రెండు వారాలు. అది నాకు పెద్దగా పట్టుబడలేదు, నచ్చనూ లేదు. చివర్లో ప్రథమ చికిత్స. ఆసుపత్రి గంటల దూరంలో ఉన్నప్పుడు దెబ్బ తగిలిన మనిషిని తల నుంచి కాలి దాకా ఎట్లా పరీక్షించాలి, చలికి ఒళ్ళు దెబ్బతింటోందని ఎట్లా కనిపెట్టాలి అన్నవి. తూలడం, మాట ముద్దగా రావడం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, కారణం లేకుండా విసుక్కోవడం, ఈ నాలుగూ గుర్తులు. పాము కాటు దగ్గర నేను ఎక్కువ ప్రశ్నలు అడిగాను. గట్టిగా తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, కాలు కదపకుండా త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. రాటిల్‌స్నేక్‌కి అయినా మన రక్తపింజరికి అయినా మందు ఆసుపత్రిలోనే ఉంది. మా మామ ఒకాయనకి పొలంలో పాము కరిస్తే మా వాళ్ళు వీటిలో వద్దన్న మూడూ చేశారు. ఆయన బతికాడు, కాలు మాత్రం ఇప్పటికీ సరిగా లేదు.

ఎవరైనా పోవాలనుకుంటే ఒక మాట. ఇది డబ్బున్న పిల్లల చదువు. నాతో ఉన్నవాళ్ళలో సగం మందికి చిన్నప్పటి నుంచే ఇలాంటి బూట్లు, టెంట్లు అలవాటు. సాయం దొరక్కపోతే అప్పు చేసి మాత్రం పోవద్దు. కొండ నేర్చుకోవడమే కావాలంటే మన దేశంలో డార్జిలింగ్‌లో 1954 నుంచి, ఉత్తరకాశీలో 1965 నుంచి పర్వతారోహణ సంస్థలున్నాయి. నెల లోపు అయిపోయే ప్రాథమిక కోర్సులు, ఖర్చు దీనితో పోలిస్తే లెక్కలోకి రాదు. రాత్రి పూట మొహం మీద చెప్పించుకునే కార్యక్రమం అక్కడ ఇంత ఉంటుందో లేదో మరి, కనుక్కుని పోండి.

డిసెంబర్లో ఇంటికొచ్చాను. ఒక సోమవారం నాయన, నేను, తమ్ముడు సిద్ధవటం దగ్గర నిత్యపూజకోనకి పోయాం. లంకమల అడవి, శివుడి గుడి, బండల మీద నడక. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్ళీ కనిపించింది ఈ లంకమల వైపే. దారి పక్కన నీళ్ళ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు చూస్తూ నేను ఒక సంచి తీసి ఏరడం మొదలుపెట్టాను. తమ్ముడు పరువు పోతోందని ముందుకి పోయాడు.

నాయన కొత్త చెప్పులేసుకొచ్చాడు. సగం దూరం పోయాక చూశాను, కుడి కాలు కాస్త బయటికి పెట్టి నడుస్తున్నాడు. ఏమైంది నాయనా అంటే "ఏం లే, పద" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు.

బండ మీద కూచోబెట్టి చెప్పు విప్పాను. పట్టీ కింద ఎర్రగా కమిలి, నీరు చేరింది.

"ఎప్పట్నుంచి మండుతాంది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "కింద బండి దిగినకాణ్ణించే."

బ్యాగులోంచి గుడ్డ తీసి, గుండ్రంగా కత్తిరించి, మధ్యలో చిల్లు చేసి అతికించాను. ఆయన వంగి చాలా శ్రద్ధగా చూశాడు, బండ అంచు పాలిష్ చూసినట్టు. కాలు నేల మీద పెట్టి రెండడుగులు వేశాడు.

"దీనికేనా అన్ని డాలర్లు?" అన్నాడు.